కాలువ గట్టున స్థిరపడ్డ ఇంగ్లీషు మాట

కోనసీమలోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నేను ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా చేరిన మొదటి సంవత్సరం, అర్ధ సంవత్సర పరీక్షల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పది ఇంగ్లీషు మాటలిచ్చి తెలుగులో అర్థాలు రాయమన్నాను. ఆ పదింటిలో ‘లాక్’ ఒకటి. తరగతిలో అందరూ ‘తాళం’ అని రాశారు. ఒక్క కుర్రవాడు మాత్రం ‘పడవను పైకెత్తే నీళ్ల గది’ అని రాశాడు. నేను ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి పక్కన సున్నా వేశాను. కాగితాలు పంచిన రోజున అతను నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, “ఆయ్, మా ఊళ్లో లాకులంటే అవేనండి మేష్టారండీ” అన్నాడు. అతని ఊరు కాలువ గట్టున, లాకులకు కూతవేటు దూరంలో ఉంది. రోజూ ఆ లాకుల వంతెన మీదుగానే నేను సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ వంతెన మీద సైకిలు ఆపి చాలాసేపు నిలబడ్డాను. కుర్రవాడు తప్పు రాయలేదు. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాటకు ఇచ్చే అర్థాల్లో అదీ ఒకటి, గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాడికైతే అదే మొదటి అర్థం. నేనూ ఇక్కడివాణ్ణే అయి ఉండి, పుస్తకంలో చదువుకున్న అర్థాన్ని నెత్తిన పెట్టుకుని, పుట్టినప్పటినుంచి చెవిన పడుతున్న అర్థాన్ని కొట్టేశాను. మర్నాడు కాగితం అడిగి తీసుకుని మార్కు వేశాను. ఆనాటి నుంచి ఈ ఒక్క మాట ఎక్కడ కనబడినా, ఎవరి నోట విన్నా, నోటు పుస్తకంలో రాసుకోవడం అలవాటైంది. ముప్పై ఏళ్లకు పైగా అలా పోగుపడిన వాటిలోంచి కొన్నింటిని ఇక్కడ పెడుతున్నాను.

డెల్టాకు బయట పెరిగినవారికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో ‘లాకు’ను ఎవరూ ఇంగ్లీషు మాట అనుకోరు. ధవళేశ్వరం లాకులు, విజ్జేశ్వరం లాకులు, బొబ్బర్లంక లాకులు, లొల్ల లాకులు అనేవి ఊరి పేర్లంత స్థిరపడిన పేర్లు. బస్సెక్కి “లాకులు ఒకటివ్వండి” అంటే కండక్టరు మారు మాట్లాడకుండా టికెట్టు ఇస్తాడు. లాకుల దగ్గర టీ కొట్టు, లాకుల సెంటరు, లాకుల గట్టు, లాకుల మీద కూర్చున్న ముసలివాళ్లు అంటూ ఆ మాట పక్కన చేరేవన్నీ తెలుగు మాటలే. ఇందులో రెండు విశేషాలు నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తాయి. ఒకటి, అది దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే వినబడుతుంది. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు ఉండడం వల్ల, తలుపులు అన్నట్టే లాకులు అని ఉంటారని నేను అనుకుంటున్నాను. రెండోది, ఇంజనీరు లెక్కలో లాకు అంటే పడవలు దాటే గది మాత్రమే, పక్కన నీటిని అదుపు చేసే షట్టర్ల వరుసకు వేరే పేరు ఉంది. జనం ఆ తేడా పాటించరు. గది, షట్టర్లు, వంతెన, కాపలా లస్కరు ఉండే పెంకుటిల్లు, నిద్రగన్నేరు చెట్లు అన్నీ కలిసి లాకులే. ‘లాకులు ఎత్తారు’ అంటే నీళ్లు వదిలారని, ‘లాకులు దించేశారు’ అంటే నీళ్లు కట్టేశారని రైతుకు అర్థం.

మనం వాడే చాలా అరువు మాటలు ఎప్పుడు వచ్చాయో చెప్పడం కష్టం. ఈ మాట మాత్రం ఏ పనితో పాటు మా నేలకు వచ్చిందో స్పష్టంగా తెలుసు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు తవ్వారు. ఆ కాలువలను తవ్వినవాళ్లు వాటిని పొలాలకు నీరిచ్చే దారులుగా మాత్రమే చూడలేదు, సరుకును రేవులకు చేర్చే దారులుగా కూడా చూశారు. కాటన్ నీటి రవాణాను గట్టిగా నమ్మిన మనిషి. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెట్టాలని జీవితమంతా వాదించాడు. డెల్టా నేల చూడడానికి బల్లపరుపుగా ఉన్నా సముద్రం వైపు కొద్దికొద్దిగా వాలుతూ వెళ్తుంది కనుక, ఆ వాలును కాలువ ఏటవాలుగా కాకుండా మెట్లు మెట్లుగా దిగాలి. నీటికి మెట్టు దిగడం కష్టం కాదు. పడవ దిగాలన్నా ఎక్కాలన్నా మెట్టు మెట్టుకూ ఒక లాకు ఉండాలి. అలా వరసగా లాకులు వెలిశాయి, వాటితోపాటు మాటా వెలిసింది.

ఆ రోజుల్లో మాటలు ఒకే దిక్కుకు నడవలేదు. మనం వాళ్ల దగ్గర ‘లాక్’ తీసుకుంటే, వాళ్లు దక్షిణాది దగ్గర ‘ఆనకట్ట’ తీసుకున్నారు. తమిళంలోని ‘అణైక్కట్టు’ ఇంగ్లీషులో ‘ఆనికట్’గా మారి నిఘంటువుల్లోకి ఎక్కింది, నీటిపారుదల పుస్తకాల్లో ఈనాటికీ ఉంది. కాలువ మీద కాపలా ఉండి షట్టర్లు ఎత్తే మనిషిని మేము ‘లస్కరు’ అంటాం. అది పారశీకంలో సైన్యం అనే అర్థం ఉన్న ‘లష్కర్’ నుంచి, ఇంగ్లీషువాళ్ల ఓడల్లో పనిచేసిన నావికుల మీదుగా, మా గట్టు మీది పెంకుటింటి దాకా వచ్చింది. తూము అనే అర్థం ఉన్న ‘స్లూయిస్’ కూడా అంతే. లాటిన్‌లో బయటికి మూసివేయడం అనే అర్థం ఉన్న మాట నుంచి పుట్టి, మా రైతుల నోట్లో ‘హెడ్ స్లూయిస్’ అయింది. ఒక్క లాకు దగ్గర నిలబడి చుట్టూ ఉన్న వస్తువుల పేర్లు వరసగా చెబితే, నాలుగైదు దేశాల భాషలు పలికినట్టవుతుంది.

లాకు ఎలా పనిచేస్తుందో చూసిన తరం తగ్గిపోతోంది కనుక, నేను కళ్లారా చూసినది చెబుతాను. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, 1960ల చివర్లో, మా తాతయ్యతో కలిసి కొబ్బరికాయల పడవ మీద అమలాపురం కాలువ వెంట ఎగువకు వెళ్లాను. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ నడుములకు కట్టుకున్న తాడుతో పడవను లాగుతున్నారు, సరంగు వెనక చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. లొల్ల లాకులు వచ్చేసరికి దిగువ తలుపులు తెరిచి ఉన్నాయి. పడవ ఆ రెండు రాతి గోడల మధ్యకు వెళ్లగానే ఎండ మాయమైంది. గోడలు నాచుతో పచ్చగా, తడిగా, నా తలకంటే చాలా ఎత్తుగా ఉన్నాయి. రాళ్ల సందుల్లోంచి సన్నగా కారుతున్న నీటి చప్పుడు బావిలో వినబడినట్టు వినబడింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నేను భయపడి తాతయ్య పంచె పట్టుకున్నాను. “ఏం పర్లేదురా అబ్బాయ్, ఇప్పుడు గోదారి తల్లి మనల్ని ఎత్తుకుంటుంది, చూడు” అన్నారాయన.

ముందున్న తలుపుల అడుగున చిన్న షట్టరు ఎత్తారు. నీళ్లు అడుగు నుంచి బుసబుసా పొంగాయి. పడవ ఒకసారి వెనక్కి జరిగి, తాడు బిగుసుకుని, నిలబడింది. ఆ తరువాత ఏమీ జరుగుతున్నట్టు అనిపించలేదు. గోడ వైపు చూస్తే మాత్రం, ఇంతకుముందు నా కళ్లకు ఎదురుగా ఉన్న రాయి మోకాళ్ల దగ్గరికి దిగిపోయింది, దాని పైరాయి కళ్లముందుకు వచ్చింది. అలా ఒక్కొక్క వరస రాళ్లూ దిగిపోతుండగా ముందు ఎండ వచ్చింది, తరువాత గట్టు మీది గడ్డిపరకలు నా గడ్డానికి సమానంగా వచ్చాయి, ఆ తరువాత గట్టు మీద నిలబడ్డ లస్కరు పాదాలు, మోకాళ్లు, చివరికి ముఖం కనబడ్డాయి. పొంగు ఆగి నీళ్లు నున్నగా అయ్యాక, ఎగువ తలుపులు పెద్ద ప్రయత్నం లేకుండానే విచ్చుకున్నాయి. ముందు మరో కాలువ. అదే నీరు, అదే గట్టు, కాని మేము వచ్చిన కాలువ వెనక కింద ఉండిపోయింది. లాకు అంటే నాకు ఆ రోజునుంచీ అదే.

పెద్దయ్యాక దాని వెనకున్న లెక్క తెలిసింది. తలుపులు రెండూ మూసుకున్నప్పుడు తిన్నని గోడలా నిలబడవు, నీళ్లు ఎక్కువగా ఉన్న ఎగువ వైపుకు మొన తేలేలా కోణంగా కలుసుకుంటాయి. అందువల్ల ఎగువ నీరు ఎంత నెడితే తలుపులు అంత గట్టిగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. తలుపుకు రెండు వైపులా నీటిమట్టంలో ఒక్క మీటరు తేడా ఉండి, తక్కువ వైపు మీటరున్నర లోతు నీళ్లుంటే, తలుపు వెడల్పులో ప్రతి మీటరు మీదా దాదాపు రెండు టన్నుల బరువు పడుతుంది. ఎంతమంది నెట్టినా అది కదలదు. రెండు వైపులా మట్టం సమానమైన క్షణాన ఆ బరువంతా పోతుంది. తాళంచెవి పని ఇక్కడ మట్టం చేస్తుంది. ఇటువంటి తలుపును 15వ శతాబ్దం చివర్లో మిలాన్ కాలువల్లో వాడకంలోకి తెచ్చిన ఘనతను లియొనార్డో డావిన్చికి ఇస్తారు. రెండు తలుపుల మధ్య గదిని కట్టి పడవను ఎత్తే ఉపాయం అంతకంటే పాతది. చైనాలో ఛియావ్ వెయ్‌యువే అనే అధికారి 984లో మహాకాలువ మీద అటువంటిదాన్ని కట్టించాడు.

మరి పడవను దాటించే ఈ ఏర్పాటుకు, దారి మూసే తాళం పేరు ఎందుకు పెట్టారన్న ప్రశ్న నన్ను చాలాకాలం పట్టి ఉంచింది. పాత ఇంగ్లీషులో ‘లొక్’ అంటే తలుపుకు అడ్డంగా వేసే గడియ, మూసి ఉంచిన దొడ్డి అని కూడా అర్థం. ఆ కాలంలో దానికి చుట్టమైన క్రియకు మూయడం అని అర్థం. తరువాత ఇంగ్లండులో నదులకు అడ్డంగా, అవసరమైనప్పుడు తెరిచేలా వేసిన కట్టలను లాక్ అనడం మొదలుపెట్టారు. అలాంటి అడ్డు రెండు చోట్ల వేసి మధ్యలో గది ఏర్పరచే పద్ధతి 16వ శతాబ్దంలో వారి దేశానికి చేరినప్పుడు, పాత పేరే ఆ గదికి కూడా అంటుకుంది. అంటే తాళానికీ లాకుకూ తల్లి ఒకటే. దొడ్డి అన్న అర్థం తెలిసిన తరువాత నాకు ఆ సంబంధం తేలిగ్గా బోధపడింది. పశువును దొడ్లో ఉంచినట్టు పడవను కాసేపు దొడ్లో ఉంచడమే కదా లాకు చేసేది.

అదే తల్లికి పుట్టిన మిగతా బిడ్డలను మనం రోజూ పలకరిస్తూనే ఉన్నాం. బ్యాంకు లాకరు, పోలీసు లాకప్పు, జనపనార మిల్లుల లాకౌటు, మెడలో లాకెట్టు. లాకెట్టు ఫ్రెంచివారి ‘చిన్న గడియ’ నుంచి వచ్చింది, ఆ ఫ్రెంచి మాట మళ్లీ ఇదే జర్మానిక్ కుటుంబం నుంచి వచ్చింది. ధనుర్వాతాన్ని ఇంగ్లీషులో దవడలు బిగుసుకునే జబ్బుగా ఈ మాటతోనే చెబుతారు. పాత తుపాకుల్లో మందును అంటించే యంత్రభాగానికి కూడా లాక్ అనే పేరు. ఆ భాగం, కొయ్య పిడి, గొట్టం మూడూ కలిస్తేనే తుపాకి కనుక, ‘లాక్, స్టాక్, బ్యారెల్’ అంటే వారి నుడికారంలో పూర్తిగా, ఏమీ మిగల్చకుండా అని. మనం మూటాముల్లెతో సహా అన్నట్టు. మా వాడుకలో నడుం లాకవుతుంది, మెడ లాకవుతుంది, బండి హ్యాండిలు లాకవుతుంది, బేరం కూడా లాకవుతుంది. ఇవి ఎవరికీ వివరించనక్కర్లేదు.

మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో వివాహబంధాన్ని చెప్పే ‘వెడ్‌లాక్’ అనే మాటను విన్నవారందరూ పెళ్లి అంటే తాళం వేయడమని ఆ భాషవాళ్లు అనుకున్నారని భావిస్తారు. నా తోటి ఉపాధ్యాయులు కొందరు అలాగే పాఠం చెప్పేవారు. అది నిజం కాదు. పాత ఇంగ్లీషులో ‘వెడ్’ అంటే ప్రమాణం. చివరనున్నది తాళం కాదు, పనిని, స్థితిని తెలిపే ఒక ప్రత్యయం. ప్రమాణం చేయడం అనే ఆ మాట, మన పెళ్లిపీటల మీద “ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి” అనిపించడానికి దగ్గరగా ఉంది. ప్రత్యయం అరిగిపోయి తాళంలా వినబడడం వల్ల మాట మీద అపవాదు పడింది. పిల్లలకు మాటల పుట్టుక చెప్పేటప్పుడు చెవికి తోచినదాన్ని నిజమని చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను, ఈ మాటను అందుకు ఉదాహరణగా ప్రతి సంవత్సరమూ చెప్పేవాణ్ణి.

నా నోటు పుస్తకంలో ఎక్కువ పేజీలు ఆక్రమించినది మాత్రం జుట్టు. ఇంగ్లీషులో జుట్టు పాయను కూడా ‘లాక్’ అంటారు. అది తాళపు లాక్ కాదు. పాత ఇంగ్లీషులో దాని రూపం వేరు, పుట్టుక వేరు. కాలక్రమంలో పలుకుబడులు కలిసిపోయి ఒకే మాటలా మిగిలాయి. ఆ సంగతి ఒక ఎండాకాలపు మధ్యాహ్నం చదువుతుండగా, వీధరుగు మీద మా అమ్మ నా చెల్లెలి కూతురికి జడ వేస్తోంది. కొబ్బరినూనె రాసి, దువ్వెనతో పాపిడి తీసి, జుట్టును మూడుగా విడదీసి, “కదలకే, పాయ జారిపోతోంది” అంది. ఆ మాట విని నా చదువు ఆగిపోయింది. ఇంగ్లీషులో జుట్టుకూ కాలువకూ కలిసి వాడే మాట లాక్ అయితే, తెలుగులో జుట్టుకూ నదికీ కలిసి వాడే మాట పాయ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా రెండు పాయలవుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ మరో పాయగా విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటి సముద్రంలో కలుస్తాయి.

ఇంగ్లీషులో ఆ రెండు మాటలు కలవడం కేవలం పలుకుబడి చేసిన పని. తెలుగులో జుట్టు పాయ, నది పాయ కలవడం అలాంటిది కాదు, ఆ పోలికను చూసిన కన్ను ఒకటి దాని వెనక ఉంది. విడిపోయి పక్కపక్కన నడిచే దేన్నైనా మన పూర్వులు పాయ అన్నారు. వెల్లుల్లిలోనూ పాయలున్నాయి. జడలో పాయలు మళ్లీ ఒకదాని మీదుగా ఒకటి వచ్చి కలుస్తాయి, గోదావరి పాయలు మాత్రం విడిపోయాక సముద్రంలోనే కలుస్తాయి. మా అమ్మకు ఆ రోజు ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ జడ చివర రిబ్బను ముడి వేస్తూ, “మరి నది మధ్య లంకలు? అవి పాయల మధ్య పెట్టిన పూలనుకో” అంది. ఆ వాక్యాన్ని అప్పటికప్పుడే రాసుకున్నాను.

పాయ సంగతి చూశాక, తాళం అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదనిపించింది. ఇంగ్లీషు మాటకు ఇన్ని అర్థాలా అని ఆశ్చర్యపోయే పిల్లలకు మన తాళాన్ని చూపించేవాణ్ణి. భజనలో తాళం వేసేవారు ఒకరు, భజన అయ్యాక గుడికి తాళం వేసేవారు మరొకరు, క్రియ మాత్రం ఒక్కటే. చేతిలో మోగే కంచు తాళాలు వేరు, మొలతాడుకు వేలాడే తాళాల గుత్తి వేరు. గుత్తిలో ఉండేవి నిజానికి తాళంచెవులు, కాని “తాళాలు ఎక్కడ పెట్టావు” అంటే తలుపుకు వేసే కప్ప కోసం ఎవరూ వెతకరు. ఆ కప్పకు చెవి ఉంది, బెకబెక లేదు, నీళ్లలో ఉండదు. గడియ కూడా అలాంటిదే. తలుపుకు వేస్తే గడియ, కాలాన్ని కొలిస్తే 24 నిమిషాల గడియ. మా ఇంటి పాత తలుపుకున్న గడియ అడ్డకర్ర, అది గోడలోని రంధ్రంలోకి వెళ్లేటప్పుడు చేసే చప్పుడు, ఆ చప్పుడుతో రోజు ముగిసిందని తెలియడం ఈ రెండు అర్థాలనూ నా మనసులో ఎప్పుడో కలిపేశాయి. మాటల చరిత్ర అలా కలపకపోవచ్చు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ మాట మా డెల్టాలో ఎలా వినబడిందో రాయకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా ఉంటుంది. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట, చేలు పాలు పోసుకునే దశ దాటి గింజ గట్టిపడుతున్నాయి. చివరి తడులు అందవలసిన రోజులు. మా మేనత్తకు అప్పటికి ఎనభై దాటాయి, కోనసీమ చివరి భూముల వైపు ఉంటారు. టీవీలో ఆ మాట పదేపదే విని, నాకు ఫోను చేసి, “ఏరా, లాకులు డౌన్ చేసేశారంటున్నారు, శివారు చేలకి ఇంకా తడి అందలేదు కదా, ఇప్పుడే కాలువలు కట్టేస్తే ఎలా?” అని ఆందోళనగా అడిగారు. నేను విషయం చెప్పాను. మనుషులు ఇళ్లలోంచి బయటకు రాకూడదని, జబ్బు పాకకుండా ఇరవై ఒక్క రోజులు అలా ఉండాలని, కాలువల్లో నీళ్లు వస్తూనే ఉంటాయని వివరించాను. ఆవిడ కాసేపు మాట్లాడకుండా ఉండి, “అయితే మనుషులకి వంతు పెట్టారన్నమాట” అన్నారు. నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా నీళ్లు వదలడం డెల్టా రైతులందరికీ తెలిసిన పద్ధతి. ఎనభై ఏళ్లుగా ఆవిడ చెవిలో లాకు అంటే నీరు, నీరు అంటే పంట. ఆవిడకు ముందు చేను గుర్తుకు రావడంలో నాకు పొరపాటేమీ కనిపించలేదు. ఆ రోజుల్లో దేశంలో ఎంతమంది ఆ మాటను ఎన్ని విధాలుగా విని ఉంటారో అని నేను తరచూ అనుకుంటాను.

కంప్యూటరు రంగంలో పనిచేసే నా పాత విద్యార్థి ఒకరు ‘డెడ్‌లాక్’ను వివరించినప్పుడు కూడా నాకు కాలువే అక్కరకు వచ్చింది. ఒక ప్రోగ్రాము ఒక ఫైలును తన పనికోసం పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తుంది, ఇంకో ప్రోగ్రాము ఆ రెండోదాన్ని పట్టుకుని మొదటిదాని కోసం ఎదురుచూస్తుంది, రెండూ ఎప్పటికీ కదలవు. ఇరుకు కాలువలో ఎదురెదురుగా వచ్చిన రెండు నిండు పడవల్లో ఎవరూ వెనక్కి జరగకపోతే అదే పరిస్థితి. అతనూ గట్టు మీద పెరిగినవాడే కనుక, ఈ పోలికను తన దగ్గర కొత్తగా చేరే పిల్లలకు చెబుతానన్నాడు.

ఇప్పుడు మా లాకుల్లో పడవలు లేవు. రోడ్లు, లారీలు పెరిగాక 20వ శతాబ్దం చివరి నాటికి కాలువ రవాణా దాదాపు నిలిచిపోయింది. ఒకప్పుడు కాకినాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా కృష్ణకు, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాటి వెళ్లగలిగిన దారి అది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఆ కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలతో కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఆర్థర్ కాటన్ బ్యారేజీ కూడా ఇప్పుడు పాతబడుతోంది. లొల్ల లాకుల దగ్గర సినిమా చిత్రీకరణలు జరుగుతాయి, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు వస్తాయి, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వెళ్తారు. తలుపుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుని ఉంటుంది. ఆ తలుపులు ఎందుకున్నాయో చెప్పే ఒక పలక అక్కడ ఉండాలని నాకు చాలా కోరిక. పడవ గోడల మధ్య ఎలా లేచేదో చూపించే చిన్న బొమ్మ ఒకటి గీసి పెడితే పిల్లలు ఆగి చూస్తారు.

అంతకంటే గట్టిగా కోరుకునేది మరొకటి ఉంది. తెలుగు నిఘంటువులు తయారుచేసేవారు ‘లాకు’ను అరువు మాటల మూలన పడేయకుండా, డెల్టా అర్థంతో, డెల్టా వాడుకలతో, తెలుగు మాటగా చేర్చాలి. లాకులు ఎత్తడం, లాకులు దించడం, లాకుల గట్టు, లాకుల సెంటరు అన్న పలుకుబడులు దానికింద రావాలి. 1852లోనే ఆనకట్ట పూర్తయింది, అదే సంవత్సరం బ్రౌన్ నిఘంటువూ అచ్చయింది. గోదావరి గట్టున ఉద్యోగం చేసిన బ్రౌన్ తన పుస్తకాన్ని సిద్ధం చేస్తున్న ఏళ్లలోనే ఇక్కడ రాళ్లు కొట్టి లాకులు కడుతున్నారు. 170 ఏళ్లకు పైగా లక్షలమంది రైతుల నోట నలిగిన మాటకు ఒక పదానికి ఇవ్వవలసిన స్థానం ఇవ్వాలి. లేకపోతే మరో యువ ఉపాధ్యాయుడు మరో కుర్రవాడి జవాబును ఎర్ర సిరాతో కొట్టేస్తాడు.

పోయిన నెల ఒక పని మీద బొబ్బర్లంక వెళ్లి, తిరుగు బస్సు కోసం లాకుల దగ్గర నిలబడ్డాను. సాయంత్రం నాలుగు దాటింది. కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. ఎదురుగా కొత్తగా పెట్టిన ఒక చిన్న సెల్‌ఫోన్ల కొట్టు, దాని పక్కనే తాళంచెవులు కోసే మనిషి గొడుగు వేసుకుని కూర్చున్నాడు. కొట్టుకు పచ్చరంగు మీద తెల్లని అక్షరాలతో బోర్డు: ‘లాకుల సెంటరు మొబైల్స్, అన్ని రకాల ఫోన్ లాకులు తీయబడును’. బస్సు వచ్చేలోగా సంచిలోంచి నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాసుకున్నాను.